తాడ్వాయి అడవిలో రాత్రి బస ఎలా చేయాలి?

వరంగల్ నుంచి తాడ్వాయికో లక్నవరానికో వెళ్లి, కాటేజీలో ఒక రాత్రి ఉండి వచ్చేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. చాలామంది ఒళ్లంతా దద్దుర్లతో, నిద్రలేని కళ్లతో తిరిగొచ్చి అడవిని తిడతారు. అడవి ఏం చేసింది? దోమతెర కట్టడం వీళ్లకు రాలేదు.

ముందుగా ఎప్పుడు వెళ్లాలో చూసుకోండి. రాత్రి బసకు నవంబరు, డిసెంబరే మంచివి. వానల్లో బొగత జలపాతం నిండుగా ఉంటుంది, నిజమే. కానీ పొద్దున వెళ్లి పొద్దుండగానే తిరిగి రావాలి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో గాలివానకు వేల చెట్లు కూలాయి. మేడారం జాతర రోజుల్లో అసలు వద్దు, దారంతా బండ్లే. హనుమకొండలో పొద్దున్నే బయల్దేరి, రామప్ప చూసుకుని సాయంత్రం నాలుగులోపు గదికి చేరండి.

సామాను: నిండు చేతుల నూలు బట్టలు, బూట్లు, టార్చి, నాలుగు తాళ్లు, సొంత దోమతెర. గదిలో ఉంటుందిలే అనుకోవద్దు. తెర నాలుగు మూలలదే కావాలి. గొడుగులా విచ్చుకునే మడత తెరలో మోకాలో మోచెయ్యో గుడ్డకు తగులుతుంది. దోమ బయటే కూర్చుని ఆ గుడ్డలోంచే కుడుతుంది. కాయిల్ మీద నాకు నమ్మకం లేదు. కిటికీ తెరిస్తే పొగ పోతుంది, మూస్తే మనకే ఊపిరాడదు.

ఇక అందరూ తప్పు చేసేది ఇక్కడే. తెర పొద్దుగూకకముందే కట్టాలి. మలేరియా దోమ కుట్టేది మునిమాపు నుంచి తెల్లవారేదాకా, ఏటూరునాగారం ఏజెన్సీలో మలేరియా కొత్త కాదు. మంచాన్ని గోడకు జానెడు దూరం జరపండి. దుప్పటి దులపండి. నాలుగు మూలలూ ఒకే ఎత్తులో కట్టి, లోపల కూర్చుని టార్చి వేసి చిల్లులు వెతకండి. చిల్లు కనిపిస్తే ముడి వేయండి.

తర్వాత అంచులు. నేలకు వేలాడనివ్వొద్దు, బెత్తెడు లోతుకు పరుపు కిందికి దోపాలి. ముందు కాళ్లవైపు, తర్వాత తలవైపు, చివర పక్కలు. ఇది దోమల కోసమే కాదు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. అది కాటేస్తే ఒక్కోసారి నొప్పి, వాపు కూడా ఉండవు. కడుపునొప్పి వచ్చినా, కనురెప్పలు వాలినా కోయడం, కట్టడం చేయకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. నేల మీద పడుకోవద్దనేది అందుకే.

మా మేనల్లుడు ఒకసారి ఫోన్ చార్జర్ కోసం తెర ఎత్తి, మళ్లీ దోపకుండా పడుకున్నాడు. తెల్లారేసరికి ఎడమ చీలమండ చుట్టూ ఎర్రటి దద్దుర్లు, గాజు తొడిగినట్టు. నీళ్లు, టార్చి, ఫోన్ ముందే లోపల పెట్టుకోండి. ఒకే పక్క నుంచి, మనిషి పట్టేంత ఎత్తి దూరండి. దూరిన దోమను చంపి, లోపలి నుంచి దోపండి. రాత్రి లేస్తే ముందు నేల మీద టార్చి వేయండి, బూట్లు బోర్లించి తట్టి తొడుక్కోండి. ఇంతచేస్తే ఇక టెన్షన్ లేకుండా పడుకోవచ్చు.

పొద్దున తెర బయట దులిపి మడవండి. ఇంటికొచ్చాక వారాల తర్వాతైనా సరే, చలిజ్వరం వస్తే డాక్టరుకు అడవిలో ఉండి వచ్చామని చెప్పి, అదే రోజు మలేరియా రక్తపరీక్ష చేయించుకోండి.