పాత పికప్‌కు గేరు బాక్సు మార్పిడి – ఐదో పాఠం: జత చూడటం, ఎక్కించడం

నాలుగో పాఠం ముగిసేసరికి రెండు బండ్ల గేరు బాక్సులూ దిగి బల్ల మీదకు చేరాయి. వాటిలో ఒకటి గుంటూరు మిర్చి యార్డుకు బస్తాలు తోలే పికప్‌ది. దాని ఇంజను గట్టిగానే ఉంది కానీ, రెండో గేరు పడేటప్పుడు గరగరమని మోగుతుంది, లోడు మీద వెళ్తున్నప్పుడు గేరు దానంతట అదే జారిపోతుంది. రెండోది, ఛాసిస్ వంగి తుక్కుకు వెళ్ళిపోయిన అదే మోడల్ పాత బండి నుంచి విజయవాడ ఆటోనగర్‌లో తీసుకున్నది. ఈ రెండో బాక్సు మొదటి బండికి నిజంగా సరిపోతుందో లేదో కొలిచి తేల్చుకుని, దాన్ని ఇంజను వెనుక ఎక్కించి, బెల్ హౌసింగ్ (బాక్సు ముందు ఇంజనుకు ఆనే గంట ఆకారపు భాగం) బోల్టులు బిగించేవరకు ఈ పాఠంలో నేర్చుకుందాం.

ఒకే కంపెనీ, ఒకే మోడల్ కాబట్టి సరిపోతుందిలే అన్న మాట మీద మాత్రం పని మొదలుపెట్టకండి. ఒకే పేరుతో ఏళ్ళ తరబడి అమ్ముడైన బండిలో కూడా మధ్యలో క్లచ్ ప్లేటు సైజు పెరగవచ్చు, నాలుగు గేర్ల బాక్సు స్థానంలో ఐదు గేర్లది రావచ్చు, స్పీడోమీటరు కేబులు పోయి సెన్సారు రావచ్చు. ఇవన్నీ మారినా బాక్సు బయటి పోత (లోహపు పెట్టె) ఒకేలా కనిపించవచ్చు కాబట్టి, కంటిని కాక, సన్నని కొలతలు తీసే వెర్నియర్‌నే నమ్మండి.

మొదట చూడవలసింది క్లచ్ షాఫ్ట్, అంటే క్లచ్ ప్లేటు నుంచి బాక్సులోకి వెళ్ళే కడ్డీ. దాని మీద పొడవునా ఉండే స్ప్లైన్ పళ్ళలో ఒకదానికి సుద్దముక్కతో గుర్తు పెట్టి, అక్కడి నుంచి చుట్టూ లెక్కపెట్టండి. స్ప్లైన్ల బయటి వ్యాసాన్నీ, కొసన క్రాంక్ షాఫ్ట్ (ఇంజనులో తిరిగే ప్రధాన కడ్డీ) వెనుక గుంతలోని పైలట్ బేరింగులో కూర్చునే సన్నని భాగం వ్యాసాన్నీ వేర్వేరుగా కొలవండి. తరువాత బెల్ హౌసింగ్ ముఖం మీద ఒక తిన్నని ఇనుప పట్టీని అడ్డంగా ఆనించి, ఆ పట్టీ నుంచి షాఫ్ట్ కొస ఎంత ముందుకో వెనక్కో ఉందో రెండు బాక్సుల మీదా చూసి రాసుకోండి. చాలామంది వదిలేసేది ఈ చివరి కొలతనే. కొత్త బాక్సు షాఫ్ట్ కొద్ది మిల్లీమీటర్లు పొడవైనా, దాని కొస క్రాంక్ షాఫ్ట్ గుంత అడుగుకు తగిలితే హౌసింగ్ ముఖం ఇంజనుకు ఆనదు. పొట్టిదైతే కొస బేరింగులో సగమే కూర్చుని, కొన్నాళ్ళకు బేరింగునూ తననూ అరగదీసుకుంటుంది.

కొలతలు కలిశాక, మీరు వాడబోయే క్లచ్ ప్లేటును చేత్తోనే షాఫ్ట్ మీదికి జరిపి చూడండి. అది బలవంతం లేకుండా జారాలి, అలాగని అటూ ఇటూ లొడలొడలాడకూడదు.

గేర్ల నిష్పత్తులు తెలుసుకోవడానికి బాక్సు విప్పనక్కరలేదు. మొదటి గేరు వేసి, బాక్సు వెనుక, చక్రాల వైపు వెళ్ళే షాఫ్ట్ బిగించే ఫ్లాంజికీ పోతకూ ఎదురెదురుగా గుర్తులు పెట్టండి. ఫ్లాంజి సరిగ్గా ఒక చుట్టు తిరిగేలోపు క్లచ్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడితే అదే మొదటి గేరు నిష్పత్తి. వెనుక చక్రాలతో నడిచే ఇలాంటి బండ్లలో నాలుగో గేరు సాధారణంగా ఒకటికి ఒకటి ఉంటుంది. రివర్సులో షాఫ్టూ ఫ్లాంజీ ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. నిండు లోడుతో ఫ్లైఓవర్ ఎక్కవలసిన బండికి మొదటి గేరు నిష్పత్తి పాతదానికన్నా తగ్గితే ఆ భారమంతా క్లచ్ ప్లేటు మీద పడుతుంది. అందుకే బాక్సుకు డబ్బు కట్టకముందే, ఆ దుకాణంలోనే ఈ చుట్లు లెక్కపెట్టుకోవడం మంచిది. బిల్లు కూడా తప్పక తీసుకోండి. ఆర్‌సీలో ఉండేవి ఇంజను నంబరూ ఛాసిస్ నంబరూ కాబట్టి బాక్సు మార్పు వాటిని తాకదు. కానీ తుక్కు బండి సామాను ఎక్కడి నుంచి వచ్చిందో చూపే కాగితం చేతిలో ఉండటం అవసరం.

బాక్సు బల్ల మీద ఉండగానే డ్రెయిన్ ప్లగ్ విప్పి ఆయిల్ దించండి. ప్లగ్ అయస్కాంతానికి మెత్తని పొడి అంటుకుని ఉంటే భయపడనక్కరలేదు, ఉక్కు పెచ్చులు కనిపిస్తే మాత్రం ఆ బాక్సును వదిలేయండి. ముందూ వెనుకా ఆయిల్ సీళ్ళు ఇప్పుడే కొత్తవి వేయండి. ఇంజను వెనుక క్రాంక్ సీలును కూడా ఇప్పుడే పరీక్షించండి, ఎందుకంటే అది తరువాత కారితే ఈ పనంతా మళ్ళీ చేయవలసి వస్తుంది.

క్లచ్ విషయంలో ఒక హెచ్చరిక ఉంది. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి, హౌసింగులోని నల్లటి దుమ్మును గాలి పైపుతో ఊదకండి. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి. ఆటోనగర్ షెడ్లలో పిల్లలు కూడా పని నేర్చుకుంటూ పక్కనే నిలబడతారు, వారి ఊపిరితిత్తుల గురించి ఆలోచించవలసిన బాధ్యత మనదే.

ప్లేటును ఫ్లైవీల్ (క్రాంక్ షాఫ్ట్ వెనుక తిరిగే బరువైన చక్రం) మీద పెట్టేటప్పుడు, ఏ ముఖం ఫ్లైవీల్ వైపు ఉండాలో దాని మీద రాసి ఉంటే తప్పక పాటించండి. తిరగేసి పెడితే నడుమ ఉన్న స్ప్రింగుల ఉబ్బు ఫ్లైవీల్ బోల్టులకు తగిలి, క్లచ్ విడవదు. ప్లేటును మధ్యకు తేవడానికి పాత క్లచ్ షాఫ్ట్ ఒకటి దొరికితే అదే చాలు, లేదంటే కొలతలిచ్చి లేత్ మీద ఒక డమ్మీ షాఫ్ట్ చేయించుకోండి. అది ప్లేటులోంచి వెళ్ళి పైలట్ బేరింగులో కూర్చున్నాకే, క్లచ్ ప్లేటును అదిమి పట్టే ప్రెజర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి.

ఇక ఎక్కించడం. బండి స్టాండ్ల మీదే ఉండాలి. జాకీ మీదా, ఇటుకల మీదా ఉంచిన బండి కిందికి ఎవరూ దూరకూడదు. బ్యాటరీ నెగటివ్ తీగ ఇంకా విప్పే ఉండాలి. బాక్సు తీసేశాక ఇంజను వెనుక భాగం కిందికి వాలుతుంది కాబట్టి, సంపు (ఇంజను అడుగున ఉండే ఆయిల్ తొట్టి) కింద చెక్క పెట్టి మరో జాకీతో దాన్ని నిలపండి. 40 కిలోలు దాటే ఈ పోతను చేతుల మీద ఎత్తే ప్రయత్నం చేయకుండా ట్రాలీ జాకీ మీద పెట్టి, బెల్టుతో కట్టండి. తల కోసేసిన పొడవాటి బోల్టులు రెండు తీసుకుని, ఇంజను వెనుక ముఖంలో ఇరుపక్కలా చెరొకటి చేతితో తిప్పి పెడితే, బాక్సు వాటి మీద జారుతూ తిన్నగా ముందుకు వెళ్తుంది. బోలు డోవెల్ పిన్నులు రెండూ వాటి స్థానాల్లో ఉన్నాయో లేదో మరొకసారి చూడండి. బాక్సు నడుమ గీత క్రాంక్ నడుమ గీతతో కలవడానికి ఆధారం అవే, బోల్టులు కావు.

బాక్సును నాలుగో గేరులో ఉంచి ముందుకు నెట్టుతూ, ఒక చేత్తో వెనుక ఫ్లాంజిని కొద్దిగా అటూ ఇటూ తిప్పుతుంటే స్ప్లైన్లు ప్లేటులోకి దారి వెతుక్కుంటాయి. సందు ఎక్కువగా మిగిలితే స్ప్లైన్లు ఇంకా కలవలేదని అర్థం. స్ప్లైన్లు కలిసి కూడా కొద్దిపాటి సందు నిలిచిపోతే కొస పైలట్ బేరింగు అంచుకు తగులుతూ ఉండవచ్చు. అప్పుడు సందును చుట్టూ చూడండి. పైన ఎక్కువగా, కింద తక్కువగా ఉంటే బాక్సు తోక కిందికి వాలిందన్నమాట, దాన్ని ఎత్తండి. కింద ఎక్కువగా ఉంటే తోకను దించండి. చుట్టూ సమానంగా ఉండి కూడా కదలకపోతే, రెండు ముఖాల మధ్య తీగగానీ గుడ్డగానీ చిక్కిందేమో, పెడల్ నొక్కినప్పుడు క్లచ్ విడిపించే రిలీజ్ బేరింగ్ దాని ఫోర్కు మీంచి జారిందేమో, షాఫ్ట్ పొడవు కొలవడంలో పొరపాటు జరిగిందేమో వెతకండి.

ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ సందును బోల్టులతో లాగి మూయకండి. ఈ పాఠంలో మిగతావన్నీ మరచిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి. 17 నంబరు పానాతో ఒక్కో బోల్టు మీద వచ్చే లాగుడుకు హౌసింగ్ చెవి విరిగిపోతుంది, లేదా కొస తగిలి క్రాంక్ షాఫ్ట్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ మీద ఒత్తిడి పడుతుంది. అలాగే, స్ప్లైన్లు కలిసిన తరువాత బాక్సు బరువును క్షణమైనా షాఫ్ట్ మీద వేలాడనివ్వకండి. ప్లేటు హబ్ వంగితే క్లచ్ పూర్తిగా విడవక మొదటి గేరు గరగరమంటుంది. నిక్షేపంలాంటి బాక్సును అప్పుడు అనవసరంగా అనుమానించవలసి వస్తుంది. ముఖాలు రెండూ చేతి ఒత్తిడితోనే కలిశాకే బోల్టులు పెట్టి, ఎదురెదురుగా రెండు మూడు విడతల్లో బిగించండి. ఎంత బిగువన్నది మీ బండి వర్క్‌షాప్ మాన్యువల్ చెప్పినట్లే పాటించాలి. తరువాత బాక్సు తోకను మోసే క్రాస్ మెంబరు, దాని రబ్బరు మౌంటింగులు బిగించి, చివరన జాకీలు తీయండి.

ఆరో పాఠానికి ముందు ఈ పరీక్ష చేసి ఉంచండి. పెడల్ ఒత్తిడిని క్లచ్ ఫోర్కుకు చేర్చే స్లేవ్ సిలిండరును దాని చోట బిగించి, నాలుగో గేరు వేసి, వెనుక ఫ్లాంజిని చేత్తో తిప్పి చూడండి. ఇంజను కంప్రెషన్ వల్ల అది గట్టిగా ఎదురు తిరగాలి. తోడున్న మనిషి పెడల్ నొక్కగానే సులువుగా తిరగాలి. నొక్కినా తిరగకపోతే ముందుగా హైడ్రాలిక్ గొట్టంలోని గాలి తీసి, మళ్ళీ చూడండి. వచ్చే పాఠంలో ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు, క్రాసుల అమరిక, గేరు ఆయిల్ ఎంపిక, స్పీడోమీటరు గేరు పళ్ళ లెక్క చూద్దాం.