బారులో, కల్లు మండువలో, దాబాలో పిల్లలనూ కుక్కలనూ ఎంతవరకు రానివ్వాలి

జడ్చర్లలో గానీ, మిర్యాలగూడలో గానీ ఇంటిల్లిపాదీ కలిసి బయట భోజనం చేయాలనుకుంటే, ఏసీ హాలూ, శుభ్రమైన వాష్‌రూమూ, కారు నిలిపే జాగా ఒకేచోట దొరికేది తరచుగా బార్ అండ్ రెస్టారెంట్‌లోనే. అందుకే ఒకే కప్పు కింద ఒక బల్ల మీద పుట్టినరోజు కేకు, పక్క బల్ల మీద క్వార్టర్ సీసా కనిపిస్తుంటాయి. ఇప్పుడు పెంపుడు కుక్కను వెంటబెట్టుకుని వచ్చేవారు కూడా తోడయ్యారు. రానివ్వాలా వద్దా అన్న ప్రశ్న యజమానికి గుమ్మం దగ్గరే ఎదురవుతుంది. వచ్చినవాడి హోదా చూసి జవాబు చెప్పడం అలవాటైతే, నిన్న సర్పంచుగారి మనవడిని కూర్చోబెట్టిన చోట ఈరోజు ఆటోడ్రైవర్ కొడుకును వద్దనడానికి నోరు రాదు. నిర్ణయం మనిషిని బట్టి కాకుండా చోటును బట్టి, వేళను బట్టి ముందే జరిగిపోవాలి.

ముందుగా మీ చోటులో ప్రధానంగా జరిగే పని ఏమిటో నిజాయితీగా తేల్చుకోండి. వైన్ షాపుకు ఆనుకుని ఉండే పర్మిట్ రూమ్‌లో తాగడం తప్ప వేరే పని లేదు; అక్కడికి పిల్లలు గుమ్మం దాకా కూడా రాకూడదు, దాని గురించి ఇంతకన్నా చెప్పవలసింది లేదు. బార్ అండ్ రెస్టారెంట్‌లో భోజనం గది వేరుగా ఉంటే పిల్లలకు చోటు ఇవ్వవచ్చు, లేకపోతే ఇవ్వకూడదు. మధ్యలో ప్లైవుడ్ అడ్డుగోడ పెట్టి "ఫ్యామిలీ క్యాబిన్" అని రాసినంత మాత్రాన గది వేరు కాదు: దారి వేరుగా ఉండాలి, వాష్‌రూమ్ వేరుగా ఉండాలి, అవతలి మాటలు ఇవతలికి వినబడకూడదు. ముప్పై, అంతకు మించి సీట్లున్న రెస్టారెంట్‌లో సిగరెట్లకు ప్రత్యేక స్థలం పెట్టుకోవడానికి 2003 నాటి పొగాకు చట్టం వీలు కల్పించింది గానీ, ఆ స్థలం పిల్లలు నడిచే దారిలో ఉంటే ఎన్ని తలుపులు బిగించినా ప్రయోజనం ఉండదు.

చట్టం విషయంలో రెండు సంగతులు కౌంటర్ మీద కూర్చునే ప్రతి ఒక్కరికీ నోటికి రావాలి. మన తెలంగాణలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. 2015 నాటి బాల న్యాయ చట్టంలోని 77వ సెక్షన్ ప్రకారం, 18 ఏళ్లలోపు పిల్లలకు వైద్యుడు చెబితే తప్ప మత్తు పానీయం ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. దాని పక్కనే ఉన్న 78వ సెక్షన్‌ను మాత్రం చాలామంది పట్టించుకోరు. పిల్లలచేత మద్యం అమ్మించినా, మోయించినా శిక్ష అంతే. బల్ల దగ్గరికి బీరు సీసాలు మోసుకొచ్చే పన్నెండేళ్ల కుర్రవాడు మీ బంధువుల అబ్బాయే అయినా, సెలవుల్లో సరదాగా వచ్చినవాడే అయినా, ఆ పని అతనిచేత చేయించకండి. "నాయనకు ఒక సీసా ఇయ్యమన్నడు" అంటూ వచ్చే పిల్లలను ఉత్త చేతులతో తిప్పి పంపండి. ఇవి కాక మీ లైసెన్సులో ప్రత్యేక షరతులు ఏమున్నాయో మీ ఎక్సైజ్ స్టేషన్‌లో అడిగి రాయించుకోవడం మంచిది.

అసలు కష్టం కల్లు మండువలో ఉంది. పాలమూరు పల్లెల్లో మండువ మగవాళ్లు మాత్రమే వచ్చే చోటు కాదు. కూలి ముగించుకుని ఆడవాళ్లు వస్తారు, వారి వెంట చంకలో బిడ్డ వస్తుంది, కొంగు పట్టుకుని ఇంకొకరు వస్తారు. ఇంట్లో చూసేవారు లేనప్పుడు ఆ తల్లిని బిడ్డతో రావద్దనడం న్యాయం కాదు, దానిని ఎవరూ పాటించరు కూడా. కాబట్టి ఇక్కడ గుమ్మం దగ్గర అడ్డుకోవడానికి బదులు లోపల ఏర్పాటు చేయాలి. కల్లు పోసే చోటుకు దూరంగా, చెట్టు నీడన ఒక చాప పరిపించండి. తాగునీళ్ల కుండ అక్కడే ఉంచండి. గుడాలు, ఉడికించిన గుడ్లు అమ్మేవారిని ఆ పక్కకు కూర్చోమనండి. పిల్లలకు తినడానికి ఏదో ఒకటి దొరికితే తల్లి గ్లాసు వైపు చేయి చాచరు.

"తియ్యటి కల్లు, పొద్దుగాల గీసింది, పిల్లలకు ఏం గాదు" అనే మాట మండువలో తప్పకుండా వినబడుతుంది. దానికి కల్లు గీసే గౌడన్నే ఒప్పుకోకూడదు. చెట్టుకు కట్టిన లొట్టిలో పడుతున్నప్పుడే కల్లు పులవడం మొదలవుతుంది, కొన్ని గంటల్లోనే అందులో ఆల్కహాల్ నాలుగు శాతం దాకా చేరుతుంది. నాలుకకు తీపి తగిలినంత మాత్రాన అందులో మత్తు లేనట్టు కాదు. పులవకుండా చల్లదనంలో దించిన నీరా వేరు, అది దొరికే చోట పిల్లలకు అదే ఇవ్వండి. ఇక బిడ్డ ఏడవకుండా నిద్రపోవాలని రెండు చెంచాలు పోసే అలవాటును చూసీ చూడనట్టు వదిలేయకూడదు. మన జిల్లాల్లో కల్లు పేరుతో అమ్ముడయ్యేదంతా చెట్టు నుంచి దిగినది కాదని అందరికీ తెలుసు. క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మత్తుమందులు కలిపిన కల్లు ఇక్కడ ఎన్నోసార్లు పట్టుబడింది. 2025 జూలైలో హైదరాబాద్‌లోని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగినవారిలో కొందరు ప్రాణాలే కోల్పోయారు. పెద్దవాళ్లను కూలదోసే మందు పసివాడి ఊపిరిని ఆపగలదు. మండువలో ఏ బిడ్డ అయినా పిలిస్తే పలకనంత మత్తుగా ఉన్నా, ఊపిరి నెమ్మదించినా నిద్ర అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి, ఏమి తాగించారో దాచకుండా చెప్పించండి.

బార్ అండ్ రెస్టారెంట్‌లో ఫ్యామిలీ గదికి వేళ పెట్టండి. నా లెక్కలో రాత్రి ఎనిమిదిన్నర సరైన హద్దు. ఆ తర్వాత కింద హాలులో గొంతులు పెరుగుతాయి, మెట్ల మీద తూలేవారు మొదలవుతారు. ఆ వేళ దాటితే పిల్లలున్న కుటుంబానికి పార్సిల్ కట్టిస్తామని చెప్పండి. తల్లిదండ్రులు కూడా ఒక మాట ముందే అనుకోవాలి: బండి నడిపేవారు, పిల్లలను చూసుకునేవారు ఆ రోజు మద్యం ముట్టుకోకూడదు. పెద్ద దావత్‌లకు రెండు మూడు బండ్లలో వచ్చినప్పుడు తిరిగి ఎక్కేముందు పిల్లల తలలు లెక్కపెట్టండి. అప్పటి బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్ దంపతులు రెండు కార్లలో బయలుదేరి, పాప అవతలి కారులో ఉందని ఎవరికి వారు అనుకుని, ఎనిమిదేళ్ల కూతురిని పబ్‌లోనే మరిచిపోయిన సంగతి 2012లో బయటపడింది. అంత భద్రత ఉన్నవారికే తప్పలేదు.

అక్కడి పబ్‌ను చూసి వచ్చినవారు ఇక్కడ కూడా అలాగే ఉండాలని అడుగుతుంటారు. ఇంగ్లండ్‌లో 2003 నాటి లైసెన్సింగ్ చట్టం ప్రకారం, ప్రధానంగా మద్యం కోసమే నడిచే చోటికి పదహారేళ్లలోపు పిల్లలు పెద్దల తోడు లేకుండా రాకూడదు. కుక్కల సంగతి యజమాని ఇష్టం. అయితే అక్కడి ఊరి పబ్‌లలో చాలావాటిలో మధ్యాహ్న భోజనమే పెద్ద వ్యాపారం. మన బారులో మొదటి బేరం మధ్యాహ్నం రెండింటికి కూడా క్వార్టరే.

కుక్కల దగ్గరికి వస్తే, మీ దగ్గరికి రెండు రకాలవి వస్తాయి. పెంపుడు కుక్కను వంటగది వైపు, ఏసీ హాలులోకి రానివ్వకండి; ఆరుబయట గార్డెన్ బల్లలు ఉంటే ఒక మూల కేటాయించండి. రేబిస్ టీకా కార్డు చూపించమని అడగడంలో మొహమాటం అక్కరలేదు. ఆ టీకా కుక్కపిల్లకు మూడు నెలల వయసులో మొదలవుతుంది, తర్వాత ఏటా వేయించాలి. గొలుసును ప్లాస్టిక్ కుర్చీ కాలికి కట్టనివ్వకండి: పిల్లి కనిపించిందంటే కుక్క కుర్చీతో సహా పరుగెత్తుతుంది, వెనకాల వచ్చే చప్పుడుకు బెదిరి ఇంకా వేగం పెంచుతుంది, దారిలో వేడి పులుసు పట్టుకున్న సర్వర్ ఉంటాడు. గచ్చులో రెండు ఇనుప కడియాలు పాతిస్తే ఆ గొడవ ఉండదు. మేలో నల్లగొండ ఎండ 44 డిగ్రీలు దాటే రోజుల్లో, కుక్కను కారులో వదిలి భోజనానికి వచ్చినవారిని ముందు బండి దగ్గరికి తిప్పి పంపండి. అద్దం కాస్త దించినా లోపలి వేడి ప్రాణం తీస్తుంది. బిర్యానీలోని ఉల్లిగడ్డ, వెల్లుల్లి కుక్కకు హాని, ఉడికిన కోడి ఎముకలు చీలి పేగులో గుచ్చుకుంటాయి. బీరు పోసి వీడియో తీసేవారిని మర్యాదగానే గేటు దాటించండి.

రెండో రకం మనం పిలవకుండానే వచ్చేవి. చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా హైవే దాబాల వెనుక గుంపులు గుంపులుగా కనిపించే వీధికుక్కలు నిజానికి దాబాలు పెంచినవే. బల్ల కిందికి ఎముకలు విసిరినంత కాలం అవి బల్లల మధ్యే ఉంటాయి, చేతిలో లెగ్ పీస్ పట్టుకుని తిరిగే మూడేళ్ల పిల్లవాడి మూతి వాటి మూతికి సమానమైన ఎత్తులో ఉంటుంది. ఎముకలకు ప్రతి బల్ల మీద ఒక గిన్నె, వెనుక మూత ఉన్న డబ్బా పెట్టండి. తిండి పెట్టాలనిపిస్తే బల్లలకు దూరంగా, ఒకే చోట, కస్టమర్లు లేని వేళ పెట్టండి. కుక్క కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు ఏదీ పెట్టకూడదు. ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి పంపండి. చర్మంలోకి ఇచ్చే టీకా మొదలుపెట్టిన రోజు, మళ్లీ 3, 7, 28 రోజులకు వేస్తారు. చర్మం తెగి రక్తం వస్తే ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంజెక్షన్ కూడా కావాలి.

చివరి పని బోర్డు రాయించడం, సిబ్బందికి మాట నేర్పడం. బోర్డు లోపల కౌంటర్ వెనుక కాదు, బండి నిలిపే చోటే కనబడాలి: పిల్లలు ఏ గదికి, ఎన్ని గంటల వరకు, కుక్కలు ఏ మూలకు. గేటు దగ్గరి కుర్రవాడు "నో ఎంట్రీ" అంటే తగాదా వస్తుంది; "అన్నా, పిల్లలతోని పైన ఫ్యామిలీ సెక్షన్ల కూసుండుండ్రి, మెట్లు ఇటు దిక్కున్నయి" అంటే చాలామంది మారు మాట్లాడకుండా వెళ్లిపోతారు. వెళ్లనివారి కోసం ఆ కుర్రవాడు మిమ్మల్ని పిలిచినప్పుడు, ఎదుట ఉన్నది ఎవరైనా సరే, అతను చెప్పిన మాటే మీరూ చెప్పాలి.