యూదు ద్వేషాన్ని పట్టే మెషీన్ లెర్నింగ్ పోటీ: విద్యార్థులు ఎలా అప్లై చేయాలి

అమెరికాలో ఇండియానా యూనివర్సిటీ బ్లూమింగ్టన్ క్యాంపస్‌లో ఈ కాలపు యూదు ద్వేషం మీద పరిశోధన చేసే సంస్థ ఒకటుంది, పొట్టిగా ఐఎస్‌సీఏ అంటారు. సోషల్ మీడియాలో యూదుల మీద విషం చిమ్మే పోస్టులను గుర్తుపట్టే మోడల్ తయారు చేయమని విద్యార్థులకు పోటీ పెట్టింది వీళ్లే. నేరుగా కోడ్‌లోకి దిగిపోవడం ఉండదు, ముందు ట్వీట్లు చదివి ఏది ద్వేషం ఏది కాదు అని లేబుల్ పెట్టాలి, మోడల్ ఆ తర్వాత. ఇలాంటి పోటీకి అప్లై చేయాలనుకుంటే ఇది చదవండి.

ప్రకటన రాగానే చూడాల్సింది అర్హత లైను. అమెరికాలో చదివేవాళ్లకేనా, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బీటెక్ చేసేవాళ్లకు కూడానా, ఒక్కరే చేయొచ్చా, టీమ్ కావాలా అన్నవి అక్కడే తేలిపోతాయి. ఫారంలో పేరు, కోర్సు, కాలేజీ ఈమెయిల్ మామూలే. ఫైనల్ ఇయర్ వాళ్లయితే ఆ ఈమెయిల్ ఎప్పటిదాకా పనిచేస్తుందో కనుక్కోండి, పోటీ మధ్యలో అది మూతపడితే మెసేజ్‌లేవీ అందవు.

టెన్షన్ పెట్టేది 'ఎందుకు పాల్గొనాలనుకుంటున్నారు' అనే పెట్టె. ఏఐ అంటే నాకు ప్రాణం అని అందరూ రాస్తారు, మీరు మాత్రం డేటా చూసి రాయండి. ఐఎస్‌సీఏ పరిశోధకులు 2019 నుంచి 2021 వరకు వచ్చిన ట్వీట్లలో 6,941 తీసుకుని లేబుల్ పెట్టి పరిశోధన డేటా దాచే జెనోడో సైట్‌లో ఉంచారు. వాటిలో యూదు ద్వేషం ఉన్నవి 1,250, అంటే సుమారు 18 శాతం. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, ఎందుకంటే ఏమీ నేర్చుకోకుండా ప్రతి ట్వీటుకీ 'కాదు' అని చెప్పే మోడల్‌కు కూడా 82 శాతం యాక్యురసీ వచ్చేస్తుంది! అందుకే ఎఫ్1 స్కోర్ (మోడల్ ఎన్నింటిని పట్టింది, పట్టినవాటిలో ఎన్ని నిజం అన్న రెండిటినీ కలిపి చెప్పే కొలత) చూసుకోవాలి, అదీ ద్వేషం అనే క్లాస్‌కు విడిగా. ఈ లెక్క మీ నాలుగు లైన్లలో కనబడితే చాలు, మీరు డేటా తెరిచి చూశారని చదివేవాళ్లకు అర్థమైపోతుంది.

లేబుల్ పెట్టడానికి వీళ్లు వాడేది ఐహెచ్ఆర్ఏ, అంటే అంతర్జాతీయ హోలోకాస్ట్ స్మారక కూటమి, ఇచ్చిన యూదు ద్వేషం నిర్వచనం. 2016 మే 26న బుకారెస్ట్‌లో ఆమోదించారు, దాంతోపాటు 11 ఉదాహరణలు ఉంటాయి. ఏ దేశాన్నైనా విమర్శించినట్టే ఇజ్రాయెల్‌ను విమర్శిస్తే అది యూదు ద్వేషం కాదని అందులోనే ఉంది. ఈ నిర్వచనంతో ఏకీభవించని పండితులు 2021లో జెరూసలేం డిక్లరేషన్ పేరుతో ఇంకోటి తెచ్చారు. పోటీలో మాత్రం నిర్వాహకులు ఇచ్చిన కొలతతోనే లేబుల్ పెట్టాలి, మీ సొంత రాజకీయ అభిప్రాయం పక్కన పెట్టాలి. అది చెప్పినంత తేలిక కాదు, ముఖ్యంగా తిట్టును ఖండించడానికే కోట్ చేసిన ట్వీట్లు వచ్చినప్పుడు.

ఇంకోటి, టెక్స్ట్ క్లీన్ చేసేటప్పుడు అలవాటుగా పంక్చుయేషన్, ఎమోజీలు తీసిపారేయకండి. 2016 నాటికే నియోనాజీలు యూదుల పేర్లకు అటూ ఇటూ మూడేసి బ్రాకెట్లు పెట్టి గురి చూపించేవారు, ఇంగ్లీషులో 'జ్యూస్' అన్న మాట యూదులు అనే 'జ్యూస్'లా వినబడుతుందని జ్యూస్ డబ్బా ఎమోజీని కూడా ఇలాగే వాడుతుంటారు. అవి పోతే మోడల్‌కు మిగిలేది మామూలు వాక్యమే.

రోజంతా ఇలాంటివి చదివితే మనసు పాడవుతుంది, కొంచెం కొంచెంగా చేయండి. ఎఫ్-1 వీసా మీద ఉండి ప్రైజ్ మనీ వస్తుందనుకుంటే పన్ను సంగతి యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో ముందే అడగండి.

గడువు సాధారణంగా వాళ్ల టైమ్‌లోనే ఇస్తారు. బ్లూమింగ్టన్‌లో నడిచేది ఈస్టర్న్ టైమ్, అక్కడ రాత్రి 11:59 అయితే వేసవిలో మనకు మర్నాడు ఉదయం 9:29, చలికాలంలో 10:29.