దుబాయ్‌లో దిగగానే డాలర్లు మార్చుకోవడం ఎలా?

నెల్లూరు, కావలి, ఒంగోలు నుంచి చెన్నై వెళ్లి దుబాయ్ విమానం ఎక్కేవాళ్లు ఇప్పటికీ రూపాయల కట్ట జేబులో పెట్టుకునే దిగుతున్నారు. అది మానండి. రూపాయికి అక్కడి ఎయిర్‌పోర్టు కౌంటర్లలో మంచి ధర పలకదు. పైగా మనిషికి 25,000 రూపాయలకు మించి దేశం దాటించకూడదు. బయల్దేరే ముందే లైసెన్సున్న మనీ ఛేంజర్ దగ్గర డాలర్లు కొనండి. కొత్త 100 నోట్లే అడగండి. చిరుగో సిరా మరకో ఉంటే అక్కడ తీసుకోకపోవచ్చు.

దిగాక బ్యాగు తీసుకుని, పాస్‌పోర్టుతో, డాలర్లను దిర్హాములుగా (అక్కడి డబ్బు) మార్చే కౌంటర్ దగ్గరికి వెళ్లండి. అందరూ తప్పు చేసేది ఇక్కడే.

బోర్డు మీద డాలరు పక్కన రెండు అంకెలుంటాయి: 'వియ్ బయ్', 'వియ్ సెల్'. ఆ 'వియ్' కౌంటర్ వాళ్లు, మనం కాదు. మన డాలర్లు కొనేది వాళ్లు, కాబట్టి మనకు వర్తించేది 'వియ్ బయ్' కింది తక్కువ అంకె. పక్కనున్న పెద్ద అంకె చూసి సంబరపడి నోటు ఇచ్చేయకండి. 'నో కమిషన్' అని రాసున్నా నమ్మకండి, కమిషన్ ఆ రేటులోనే కలిసిపోయి ఉంటుంది.

నోటు చేతిలోనే ఉంచుకుని ఒకటే అడగండి: "100 డాలర్లిస్తే అన్ని ఛార్జీలూ పోను చేతికెన్ని దిర్హాములొస్తాయి?" హిందీలో అడిగినా చెబుతారు. క్యాల్క్యులేటర్ మీ వైపు తిప్పి చూపించమనండి. 1997 నుంచి డాలరు 3.6725 దిర్హాముల దగ్గరే కట్టేసి ఉంది కాబట్టి 100 డాలర్ల అసలు విలువ 367 దిర్హాములు. చేతికి 350 అంటే నూటికి దాదాపు అయిదు పోయినట్టే. అంతకన్నా తగ్గితే పక్క కౌంటర్‌కి నడవండి. డాలర్లే తెచ్చుకోమనేది ఇందుకే, మోసం నోటి లెక్కతోనే తేలిపోతుంది. రసీదు కొట్టాక మాత్రం వెనక్కివ్వమంటే ఒప్పుకోరు.

ఎయిర్‌పోర్టులో 100 డాలర్లకు మించి మార్చకండి. మిగతాది ఊళ్లోకి వెళ్లాక డేరా, కరామా లాంటి పేటల్లో మార్చుకోండి, రేటు మెరుగ్గా ఉంటుంది. ట్యాక్సీకి పది, ఇరవై దిర్హాముల నోట్లు అడిగి, కిటికీ ముందే లెక్కపెట్టుకోండి.

ఏటీఎం వాడేవాళ్లు కార్డుకు విదేశీ వాడకం ఇంటి దగ్గరే బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోవాలి. మెషీన్ "మీ ఖాతాలోంచి రూపాయల లెక్కలో తీసుకోమంటారా?" అని అడిగితే వద్దనండి. ఒప్పుకుంటే రేటు ఆ ఏటీఎం వాళ్ల ఇష్టం. 'వితౌట్ కన్వర్షన్' నొక్కండి. రెండోసారి అడిగినా అదే నొక్కండి.