కూరగాయల సంచి బరువు తగ్గాలంటే: స్లాబు మీద తోటకు ఒక సైట్ సూపర్‌వైజర్ లెక్క

నాది బిల్డింగ్ సైట్లలో సూపర్‌వైజర్ పని. పగలు వేరేవాళ్ల స్లాబులు పోయిస్తాను, పొద్దూకాక హైదరాబాద్ కుషాయిగూడలో మా ఇంటి స్లాబు మీద కూరగాయలు చూసుకుంటాను. తోట పెడతామని ఎవరు అడిగినా ముందు ఒకటే చెప్తాను: అన్నీ మనమే పండించుకుందామని కూర్చోకండి. బియ్యం, పప్పు, ఉల్లిగడ్డ, ఆలుగడ్డ జోలికి అస్సలు పోవద్దు. అవి ఎకరాల్లో పండే సరుకు, కొన్నా నెలల తరబడి నిలవుంటాయి. ఇంటి మీద పండించాల్సినవి కోసిన పూటకే వాడిపోయేవి, రోజూ ఇంత ఇంత కావాల్సినవి. ముందు ఆకుకూరలు, పచ్చిమిర్చి, కరివేపాకు, పుదీనా. ఆ తర్వాత బీర, సోర, చిక్కుడు, బెండ, వంకాయ. ఇవి చేతికొస్తే నలుగురున్న ఇంట్లో రైతుబజారుకు పోయే పని సగానికి సగం తగ్గుతుంది.

ముందు స్లాబు సంగతి

నా వృత్తి కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువే మాట్లాడతాను. మనుషులు తిరిగే డాబాకు ఇంజనీర్లు మామూలుగా వేసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోలు. అంటే గజానికి సుమారు 125. తడిసిన ఎర్రమట్టి అడుగు మందం పరిచారంటే గజానికి 400 కిలోలు దాటిపోతుంది. కాబట్టి స్లాబు మీద ఇటుకలు కట్టి మధ్యలో మట్టి నింపే మడులు ఇంజనీరుకు చూపించకుండా కట్టించకండి. కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లయితే డ్రాయింగ్ దశలోనే తోట వస్తుందని చెప్పండి, ఆయన దానికి తగ్గట్టు స్టీలు వేస్తాడు.

ఉన్న ఇంటి మీదైతే బకెట్లు, గ్రో బ్యాగులే (మొక్కలు పెంచే సంచులు) మేలు. ఇరవై లీటర్ల బకెట్ తడి మీద పాతిక కిలోల పైనే తూగుతుంది. వాటిని ఒకదానికొకటి ఆనించి మొత్తం పరిచేస్తే మళ్లీ పై లెక్కే దాటుతుంది. పిట్టగోడ వెంబడి, కింద బీములు పోయిన చోట వరసగా పెట్టండి. బీములు ఎటు పోయాయో తెలియకపోతే కింది గదుల్లోకి వెళ్లి సీలింగ్ చూడండి. గది నడిమధ్య పైభాగం ఖాళీగా వదిలేయండి, వడియాలు ఎండబెట్టుకోవడానికి పనికొస్తుంది. సజ్జల మీద, గోడ దాటి ముందుకు పొడుచుకొచ్చిన బాల్కనీ మీద పెద్ద తొట్లు వద్దే వద్దు.

తోట పెడితే స్లాబు కారుతుందని చాలామందికి టెన్షన్. స్లాబును పాడుచేసేది చెట్టు కాదు, నిలిచిపోయిన నీళ్లు. తొట్లు ఎక్కించకముందే నాలుగు బకెట్ల నీళ్లు గుమ్మరించి అవి పైపు వైపే పోతున్నాయో లేదో చూడండి. ఎక్కడైనా మడుగు కడితే ముందు అక్కడ స్లోపు సరిచేయించండి, పగుళ్లుంటే వాటర్‌ప్రూఫింగ్ చేయించండి. ప్రతి తొట్టి కింద రెండు ఇటుకలు పెట్టాలి. కింద గాలి ఆడుతుంది, చీపురు దూరుతుంది. నీళ్ల పైపు మూతికి జాలీ పెట్టి, తొలి వానకు ముందు ఎండాకులు తీసేయాలి. అపార్ట్‌మెంట్ డాబా అందరిదీ కాబట్టి అసోసియేషన్‌కు రాసిచ్చి మొదలుపెట్టండి.

బకెట్ల కోసం పెయింటర్లను అడగండి. ఎమల్షన్ ఖాళీ బకెట్లు ఏ సైట్‌లోనైనా ఉంటాయి. లోపల అంటుకున్న పెయింటు పొర మొత్తం గీకి, కడిగి, ఎండబెట్టి వాడుకోవచ్చు. వాటర్‌ప్రూఫింగ్ కెమికల్, థిన్నర్, కాంక్రీటులో కలిపే మందుల డబ్బాలు మాత్రం ఊరికే ఇచ్చినా తేకండి. తినే కూర అది. అడుగున వేలు పట్టేంత రంధ్రాలు నాలుగైదు చేస్తే సరిపోతుంది. మిర్చి, వంకాయ, బెండకు ఈ బకెట్ చాలు. బీర, సోర లాంటి తీగలకు దానికి రెండింతలైనా మట్టి కావాలి. ఆకుకూరలకు లోతు అక్కర్లేదు. ఆరేడు అంగుళాల మట్టి పట్టే వెడల్పాటి తొట్టి ఏదైనా సరే.

మట్టి, ఎరువు

ఎర్రమట్టి ఒక వంతు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక వంతు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒక వంతు. బకెట్‌కు రెండు గుప్పిళ్ల వేపపిండి. పునాదులు తవ్విన మొరం ఊరికే దొరుకుతుంది కదా అని దాన్ని నింపకండి. అది రోడ్డు కిందికి పనికొస్తుంది, వేళ్లకు కాదు. ఎరువు పచ్చిగా, వేడిగా ఉంటే కూడా వాడొద్దు. చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా రాలాలి, పేడ వాసన రాకూడదు.

ఆ తర్వాత ఎరువు వంటింట్లోంచే వస్తుంది. రంధ్రాలున్న మూత డబ్బాలో కూరగాయల తొక్కలు ఒక పొర, దాని మీద రెండింతల ఎండాకులు, కాస్త పుల్ల మజ్జిగ చిలకరింపు. మాఘ ఫాల్గుణాల్లో కాలనీలో వేపాకు కుప్పలు కుప్పలుగా రాలుతుంది, సంచులకు ఎత్తి దాచుకోండి. డబ్బా వాసనొస్తోందంటే తడి ఎక్కువైందని అర్థం, ఇంకో రెండు గుప్పిళ్ల ఎండాకు వేసి కలియబెట్టాలి. వండిన అన్నం, నూనె, పచ్చడి అందులో వేస్తే ఎలుకలు దారి కనుక్కుంటాయి. రెండు మూడు నెలల్లో నల్లటి ఎరువు తయారవుతుంది. ఆవు పేడ, మూత్రంతో పులియబెట్టే జీవామృతం మంచిదే, చేసుకోగలిగినవాళ్లు చేసుకోండి. ఆవు మూత్రం కోసం సిటీలో తిరిగే ఓపిక నాకు లేదు.

ఏ కార్తెకు ఏది

మృగశిర కార్తె వచ్చే జూన్ 8 ప్రాంతానికి తొట్లు సిద్ధంగా ఉండాలి. బీర, సోర, కాకర, బెండ, అలసంద, పుంటికూర, చిక్కుడు అప్పుడే వేయాలి. చిక్కుడు తీగ వానాకాలమంతా ఊరికే పాకుతుంది, పూత రాలేదని పీకేయకండి. దానికి పొద్దు తగ్గాలి. చలి మొదలయ్యాక గుత్తులు గుత్తులుగా కాస్తుంది. వంకాయ, టమాటా, మిర్చి నారు జులైలో పోసుకుని, నెల దాటాక బకెట్లలోకి మార్చాలి. దసరా దాటితే పాలకూర, మెంతి, కొత్తిమీర, ముల్లంగి. హైదరాబాద్ చలి వీటికి చాలా అనుకూలం, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇంతకంటే తేలికైన కాలం లేదు. జనవరి చివర్లో బెండ, దోస ఇంకోసారి వేయొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో కొత్తగా ఏమీ పెట్టుకోకండి. ఎండ దెబ్బకు టమాటా పూత నిలవదు. తోటకూర, బచ్చలి, గంగవాయిలి కూర తట్టుకుంటాయి, వాటితో గడిపేయాలి. రోహిణి కార్తెలో స్లాబు సెగ కింద నుంచి కూడా కొడుతుంది కాబట్టి 50 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్ పైన కట్టి, మట్టి మీద ఎండాకులు పరవాలి.

ఆకుకూర ఎడతెగకుండా రావాలంటే ఒక చిన్న ఏర్పాటు ఉంది. తోటకూర గింజ వేసిన పాతిక ముప్పై రోజులకు కోతకొస్తుంది. నాలుగు తొట్లు పెట్టుకుని వారానికొకటి చొప్పున గింజలు చల్లండి. నాలుగోది వేసిన వారానికి మొదటిది కోయడానికి వచ్చేస్తుంది. కోసిన తొట్టిలో గుప్పెడు ఎరువు కలిపి మళ్లీ చల్లండి. అన్నీ ఒకే రోజు చల్లితే ఒక వారం ఇరుగుపొరుగుకు పంచి, మూడు వారాలు మార్కెట్‌కు పోవాలి.

గింజలు చాలావరకు పోపుల డబ్బాలోనే ఉంటాయి. మెంతులు అలాగే చల్లొచ్చు. ధనియాలను చెప్పు కింద మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి చల్లాలి. పుదీనా, గంగవాయిలి కూర కట్ట కొన్నప్పుడు ముదురు కాడలు నాలుగు గుచ్చితే చాలు. మిగతావాటికి మొజంజాహీ మార్కెట్ దగ్గర విత్తనాల దుకాణాలున్నాయి. నేర్పించేవాళ్లు కావాలంటే నాంపల్లి రెడ్‌హిల్స్‌లోని ఉద్యాన శిక్షణ సంస్థలో మిద్దెతోటల మీద క్లాసులు జరుగుతుంటాయి, కనుక్కుని వెళ్లండి. కొనేటప్పుడు నాటు రకం అడిగి తీసుకోండి. ఒక బీరకాయను, ఒక సోరకాయను తీగ మీదే ఎండబెడితే వచ్చే ఏటికి విత్తనం ఇంట్లోనే ఉంటుంది. హైబ్రిడ్ గింజ దాచి మళ్లీ వేస్తే తల్లి లాంటి కాయ వస్తుందన్న నమ్మకం లేదు.

పిందె పండిపోయి రాలుతుంటే

మిద్దె మీద తీగలు పెట్టినవాళ్లంతా చెప్పే బాధ ఇదే. బీర తీగ నిండా పువ్వులు, చిటికెన వేలంత పిందెలు, రెండు రోజులకు అవి పసుపు తిరిగి రాలిపోవడం. మందు కొట్టి లాభం లేదు. రెండో మూడో అంతస్తు మీదికి తేనెటీగలు, పురుగులు సరిగా రాక పుప్పొడి అందడం లేదు, ఆ పని మనం చేయాలి.

బీర పువ్వు పొద్దూకే వేళకు విచ్చుకుంటుంది, సోర పువ్వూ అంతే. కాకర, దోస తెల్లవారి పూస్తాయి. సాయంత్రం ఆరు ప్రాంతంలో మా అమ్మ మెట్ల మీద నుంచే పిలుస్తుంది, "బిడ్డా, పూలు ఇచ్చుకున్నయ్, పైకి రా" అని. బీరలో మగపువ్వులు ఒకే కాడకు గుత్తిగా ఉంటాయి, రోజుకొకటి విచ్చుకుంటుంది. ఆడపువ్వు ఒంటరిగా ఉంటుంది, దాని వెనకాల సన్నటి పిందె అప్పటికే ఉంటుంది. విచ్చుకున్న మగపువ్వు ఒకటి తెంపి, పసుపు రేకులు వెనక్కి విరిచేయండి. మధ్యలో మిగిలిన పొడి కాడను ఆడపువ్వు నడుమనున్న ఆకుపచ్చ మొగ్గకు నాలుగు వైపులా మెల్లగా అద్దండి. వేలికి పసుపు పొడి అంటుకుంటే సరైన సమయానికి వచ్చినట్టే. రెండు రోజుల తర్వాత పిందె తల కిందికి వంగి పొడవు సాగుతుంటే కాయ నిలిచింది. సోర తీగ రెండు గజాలు పాకగానే కొస తుంచేయండి. పక్కకొమ్మలు వస్తాయి, ఆడపువ్వులు వాటి మీదే ఎక్కువ.

నిలిచిన పిందెను పండు ఈగ కుట్టకుండా పలచటి గుడ్డసంచి తొడిగితే చాలు. ఆకుల రసం పీల్చే పేనుబంక, పిండినల్లి కనిపిస్తే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రవం కలిపి ఎండ తగ్గాక ఆకుల అడుగున కొట్టాలి. బెండ ఆకుల ఈనెలు పసుపు వల లాగా తిరిగితే ఆ మొక్క ఇక బాగుపడదు. తెల్లదోమ దాన్ని పక్క మొక్కలకు మోయకముందే పీకేయండి.

నీళ్ల విషయం సూటిగా చెప్పేస్తాను. మట్టిలోకి వేలు గుచ్చి, రెండో గీత దాకా పొడిగా ఉంటేనే పోయాలి. ఎండాకాలం రెండు పూటలా తప్పదు. బోరు నీళ్లు ఉప్పగా ఉండే కాలనీల్లో మట్టి మీద తెల్లటి పొర కడుతుంది. దాన్ని గీకేసి, బియ్యం కడిగిన నీళ్లో నల్లా నీళ్లో కలిపి పోయండి. వానాకాలం ఆ ఉప్పును అదే కడిగేస్తుంది.

పండక్కి ఊరెళ్తే తొట్లన్నీ నీడకు లాగి, నిండా తడిపి, పైన గడ్డి కప్పి పోవాలి. నాలుగు రోజులు దాటేటట్టుంటే పక్కింటివాళ్లకు తాళంచెవి ఇవ్వండి. నీళ్లు పోయమని చెప్పి ఊరుకోకండి, బెండకాయలు కోసుకోమని కూడా చెప్పండి. కాయ చెట్టు మీద ముదిరిందంటే బెండ కొత్త పూత తగ్గించేస్తుంది.