తలకోన తడికి కెమెరా మొరాయిస్తే ఏం చేయాలి

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాల వానలు కదా, తలకోన, కైలాసకోన, కపిలతీర్థం జలపాతాలు నిండుగా దూకేది అప్పుడే, కెమెరాలు మూలన పడేది కూడా అప్పుడే. నన్నడిగితే నీళ్ల వల్ల పోయేవాటికన్నా తడిసినాక మనం పడే తొందర వల్ల పోయేవే ఎక్కువ.

సమస్య: పొద్దున్నే కెమెరా బయటికి తీయగానే లెన్స్ తెల్లగా మూసుకుపోయింది, ఎంత తుడిచినా మళ్లీ పడతా ఉంది.

రాత్రంతా లాడ్జిలో ఏసీ కింద ఉండి కెమెరా చల్లబడిపోయింది, బయటేమో తేమ గాలి, ఆ తేమంతా చల్లటి గాజు మీదే నీళ్లయి కూర్చుంటుంది. డిసెంబర్‌లో తిరుమల చలి నుంచి కిందికి దిగినా ఇదే కథ. తుడిచి లాభం లేదు. రూంలో ఉండగానే కెమెరాని జిప్ కవర్లో పెట్టి గట్టిగా మూసేసి, బయటికొచ్చాక ఒక అరగంట అట్లానే వదిలేయండి, పట్టే తేమ కవర్ మీద పడుతుంది గానీ కెమెరా మీద కాదు. ఈలోపు లెన్స్ మాత్రం విప్పొద్దు, లోపల ఫోటోని పట్టే సెన్సార్ మీద కూడా పడితే ఇంకో తలనొప్పి.

సమస్య: బ్యాగుకి రెయిన్ కవర్ వేసినా లోపల తడి.

బైక్ మీద భాకరాపేట ఘాట్ దాటి నేరబైలు చేరేలోపు వాన పట్టుకుంటే ఇది ఖాయం. ఆ కవర్ బ్యాగు ముందువైపే కాపాడుతుంది, వీపు మీంచి, భుజం పట్టీల మీంచి జారిన నీళ్లు అడుగున చేరతాయి, మనం లెన్సులు పెట్టేది కూడా అడుగునే. బ్యాగు లోపలే డ్రై బ్యాగు, అంటే నీళ్లు చొరబడని సంచి పెట్టి, మూతి మూడు చుట్లు చుట్టి క్లిప్ వేయండి. లేదంటే మందపాటి పాలిథిన్ కవర్, రబ్బర్ బ్యాండ్ చాలు.

సమస్య: జలపాతం దగ్గర నాలుగు ఫోటోలు తీశాక లెన్స్ ఎర్రర్.

తలకోనలో నీళ్లు పడేది 270 అడుగుల పైనుంచి, గాలి తిరిగిందంటే తుంపర్లు మొహం మీదికే కొడతాయి. జూమ్ ముందుకి సాగినప్పుడు ఆ గొట్టం మీద సన్నగా చుక్కలు పడతాయి, తుడవకుండా వెనక్కి లాగితే అవి నేరుగా లోపలికే, కాబట్టి ముందు పొడిబట్టతో గొట్టం తుడిచి అప్పుడు లాగండి. ఎర్రర్ ఆల్రెడీ వచ్చేసుంటే కెమెరా ఆఫ్ చేసి, బ్యాటరీ తీసి, పొడిచోటికి వచ్చాక లెన్స్ విప్పి వెనకున్న బంగారు రంగు పిన్నులు మెల్లగా తుడవండి, చాలాసార్లు అంతటితో సరిపోతుంది. వెదర్ సీల్డ్ అంటే చిన్న చినుకులకి ఆగుతుందని, ధార కింద పెట్టమని కాదు, నీళ్లు పోయినదానికి వారంటీ కూడా మామూలుగా రాదు.

సమస్య: కెమెరా నీళ్లలోనే పడిపోయింది.

ఆన్ అవుతుందా లేదా అని చూడాలనిపిస్తుంది, చూడొద్దు. తడి మీద కరెంట్ పారితేనే బోర్డు కాలిపోయేది. వెంటనే బ్యాటరీ లాగేయండి, కార్డు తీయండి, మూతలన్నీ తెరవండి, లెన్స్ విడదీసి నీళ్లు కిందికి కారేలా పెట్టి ఫ్యాన్ గాలికి ఉంచండి. హెయిర్ డ్రయ్యర్ వద్దు, ఎండలో పెట్టొద్దు. బియ్యం డబ్బాలో పెట్టమని ఇంట్లో ఎవరో ఒకరు చెప్తారు, దుమ్ము, పిండి లోపలికి పోవడం తప్ప ఒరిగేదేం లేదు. ఆరిపోయి బాగానే పనిచేస్తోందని మురిసిపోకండి, లోపల మిగిలిన ఉప్పులు, మట్టి వల్ల తుప్పు మెల్లగా మొదలై కొన్ని వారాలకి చచ్చిపోయేవి ఉన్నాయి, ఆన్ చేయకుండానే సర్వీసుకి ఇచ్చేయడం మేలు. కార్డు మాత్రం బాగా ఆరబెట్టి రీడర్లో పెడితే ఫోటోలు చాలావరకు దొరుకుతాయి.

ఫోన్ అయితే, పోర్టులో తేమ ఉందని హెచ్చరిక వస్తే కేబుల్ పెట్టొద్దు, పోర్టు కిందికి పెట్టి మెల్లగా తట్టి ఆరనివ్వండి, అంతే.

సమస్య: ట్రిప్పు అయిన నెలకి లెన్స్ లోపల సాలెగూడు లాంటి పోగులు.

ఫంగస్ అది. తడి బ్యాగుని అట్లానే బీరువాలో పెట్టేసుంటారు. ఇంటికి రాగానే బ్యాగు ఖాళీ చేసి విడిగా ఆరేయండి, కెమెరా, లెన్సులు గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో (తేమ పీల్చే గింజలు) పెట్టండి, లోపల ఒక చిన్న తేమ మీటర్ వేసి 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. నారింజ రంగు గింజలు ఆకుపచ్చకి తిరిగితే తేమతో నిండిపోయినట్టే, వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. ఫంగస్ వచ్చేసిన లెన్స్‌ని మిగతావాటి పక్కన పెట్టకండి, త్వరగా మెకానిక్‌కి చూపించండి, ఆలస్యమైతే గాజు మీది కోటింగ్‌ని తినేస్తుంది, అప్పుడు క్లీన్ చేసినా మచ్చ పోదు.