మధుమేహం గురించి నమ్మదగిన సమాచారాన్ని ఎంచుకోవడం ఎలా?

కాకరకాయ రసంతో నెల రోజుల్లో షుగర్ పూర్తిగా పోతుందనే వాట్సాప్ సందేశం వస్తే, దాన్ని ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో, చివర్లో ఏదైనా మందు అమ్ముతున్నారేమో ముందుగా చూడండి. మధుమేహాన్ని నయం చేస్తామంటూ మందులకు ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది కాబట్టి, అలాంటి హామీ కనబడితే ఇక ముందుకు చదవనక్కర్లేదు.

ఆహారం విషయంలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలతో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. అవి మన దేశపు తిండిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. వ్యాధి, మందుల వివరాలకు అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే మెడ్‌లైన్‌ప్లస్ వెబ్‌సైటు చూడవచ్చు.

"పరిశోధనలో తేలింది" అనే మాట దగ్గర మాత్రం తప్పక ఆగాలి. ఆ పరిశోధన వ్యాసాన్ని, వైద్య పరిశోధన వ్యాసాల ఆన్‌లైన్ జాబితా అయిన పబ్‌మెడ్‌లో వెదికి సారాంశం చదివితే, ప్రయోగం ఎలుకల మీద జరిగిందా మనుషుల మీదా, ఎంతమందిపై, ఎన్నాళ్లపాటు, పోల్చి చూడడానికి ఆ మందు తీసుకోని బృందం ఉందా అన్న సంగతులు చాలావరకు తెలుస్తాయి. అక్కడ కనబడినంత మాత్రాన అధ్యయనం గట్టిదని కాదు. ఒక్క అధ్యయనం కన్నా, అనేక అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సమీక్షలకు ఎక్కువ విలువనివ్వండి.

ఎక్కడ ఏం చదివినా, మందులను దయచేసి సొంతంగా మానకండి. టైప్ 1 మధుమేహం (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం) ఉన్నవారు ఇన్సులిన్ ఆపితే రక్తంలో కీటోన్లనే ఆమ్ల పదార్థాలు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. చదివిన కాగితాన్ని, గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష తాజా రిపోర్టును కలిపి మీ డాక్టరుకు చూపించి, అది మీకు వర్తిస్తుందో లేదో అడగండి.